పాము చెవులు

గీత వచ్చింది. పనికొచ్చే గీత మాత్రం రాలేదు.

లెక్కలమ్మాయి మళ్ళీ మౌస్ నొక్కింది. కంప్యూటరు మళ్ళీ అదే మాట చెప్పింది. దానికి మొహమాటమేముంటుంది?

బట్టల మిల్లులో ఆమె పని అంకెలతో. అసలు పేరు ఎవరికీ గుర్తు లేదు, అందరికీ లెక్కలమ్మాయే. ఈసారి అప్పగించిన లెక్క చూడటానికి చిన్నది. మగ్గాల షెడ్డులో ఎన్నేళ్ళు పనిచేస్తే వినికిడి ఎంత పోతోంది? అడ్డంగా ఏళ్ళు, నిలువుగా పోయిన వినికిడి. ఒక్కో మనిషీ ఒక్కో చుక్క. ఆ చుక్కల నడుమ సాఫ్ట్‌వేర్ ఒక గీత గీస్తుంది. గీత వాలుగా పైకి లేస్తే, ఏళ్ళు గడిచేకొద్దీ చెవులు పోతున్నట్టు.

లేవడానికైతే లేచింది. కానీ పక్కనే పీ విలువ అని ఒక అంకె కూర్చుని ఉంటుంది. అసలు ఏ సంబంధమూ లేకపోయినా ఇలాంటి వాలు ఊరికే కనబడే అవకాశం ఎంతో అది చెబుతుంది. ఐదు శాతం దాటిందంటే ఆ గీతను నమ్మేవాళ్ళు ఉండరు. ఇక్కడ పదకొండు.

మేనేజరు ముందే తేల్చి చెప్పాడు. సంబంధం ఉందని లెక్క చెబితే మోత తక్కువ మగ్గాలు తెప్పిస్తాడట. లేదంటే ఇవే మగ్గాలు, ఇదే మోత.

ఆ మోతలోనే ఆమె చెల్లెలు పనిచేస్తోంది. చేరి ఏడాది కాలేదు, అప్పుడే చెవిలో జోరీగ తిరుగుతున్నట్టుందని దిండు కింద తల దూర్చి పడుకుంటోంది. షెడ్డులో గొంతు చించుకున్నా పక్కవాళ్ళకు వినబడదు. అందుకని అక్కడ అందరూ ఉత్త పెదాలతోనే కబుర్లు చెప్పుకుంటారు. ఆ అలవాటు ఇంటిదాకా వచ్చింది. అన్నం దగ్గర పిల్ల చప్పుడు లేకుండా నోరాడిస్తుంటే, నోరు పడిపోయిందేమిటే అని అమ్మ విసుక్కుంటుంది. అక్కకు మాత్రం గుండె కలుక్కుమంటుంది.

ఇంతకీ గీతను చెడగొట్టింది ఒకే ఒక్క చుక్క. మిగతావన్నీ బుద్ధిగా మెట్లెక్కుతుంటే, అదొక్కటీ కుడిచివరన అట్టడుగున బాసింపట్టు వేసుకుని కూర్చుంది. షెడ్డులో అందరికన్నా పాతకాపు మేస్త్రీది ఆ చుక్క. ముప్పై నాలుగేళ్ళు మోతలో బతికినా చెవులు పసివాడి చెవుల్లా ఉన్నాయట. ఆయనవి పాము చెవులని మిల్లంతా చెప్పుకుంటుంది. షెడ్డు ఆ చివర ఎవరు ఎవర్ని తిట్టుకున్నా ఈ చివర ఆయనకు తెలిసిపోతుంది.

ఆ చుక్కను తీసేసి చూసింది. గీత ఒక్కసారిగా నిలదొక్కుకుని లేచింది. పీ విలువ ఒక శాతం కన్నా కిందికి జారింది. సేవ్ చేయబోయి ఆగిపోయింది.

నచ్చలేదని చుక్కను తీసేయడం దొంగతనమే. తీయడానికి కారణం కావాలి. ఆయనకు చేసిన వినికిడి పరీక్షలో ఏదైనా పొరపాటు జరిగి ఉంటే తప్ప దాన్ని ముట్టుకోవడానికి లేదు. సరే, ఆయన్నే అడుగుదామని లేచింది. ఒక పెద్దమనిషి చెవులు పాడై ఉంటే బాగుండునని కోరుకుంటూ మెట్లు దిగడం ఆమెకే అసహ్యంగా అనిపించింది.

మేస్త్రీ గది షెడ్డును ఆనుకునే ఉంది. కిటికీ లేదు. చుట్టూ దారపు కండెల పెట్టెలు. తలుపు వేసినా మోత గోడల్లోంచి వస్తూనే ఉంది. ఆయన కుర్చీ లాగి, సరిగ్గా బల్బు కింద వేసి కూర్చోమన్నాడు.

ఆమె నీళ్ళు నమిలింది. చేతిలో కాగితాలు చూసుకుంటూ, పరీక్ష ఎలా జరిగిందని మెల్లగా అడిగింది.

"తలెత్తి మాట్లాడమ్మా. నా దగ్గర భయమెందుకు?" అన్నాడు మేస్త్రీ.

తలెత్తి మళ్ళీ అడిగింది. ఆయన ఓపిగ్గా అంతా చెప్పాడు. నర్సు బల్లకు అవతల ఎదురుగా కూర్చుందట. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించిందట.

"ఆవిడ బటన్ నొక్కినప్పుడల్లా చెయ్యెత్తాను. ఒక్కటంటే ఒక్కటి తప్పలేదు."

చెవులు పోయినవాళ్ళను మగ్గాల నుంచి తీసేసి గోదాములో పడేస్తారని షెడ్డులో గుసగుసలు ఉన్నాయని కూడా ఆయనే చెప్పాడు. తనకా బాధ లేదని, తన ప్రాణం మగ్గం పక్కనే పోతుందని నవ్వాడు. మాట్లాడుతున్నంతసేపూ ఆమె మొహం మీంచి చూపు తిప్పలేదు. ఇంత మర్యాద తెలిసిన మనిషిని అనుమానించానే అని ఆమెకు సిగ్గేసింది.

పరీక్షలో లోపం లేదు. చుక్క ఉండాల్సిందే. చెల్లెలు కళ్ళముందు మెదిలింది.

అంతలో కరెంటు పోయింది. గది చీకటైపోయింది. షెడ్డులో మగ్గాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. చీమ చిటుక్కుమన్నా వినబడేంత నిశ్శబ్దం. మొహం కనబడకపోయేసరికి ఆమెకు కాస్త ధైర్యం వచ్చింది.

"మేస్త్రీగారూ, నిజం చెప్పండి. మీకెప్పుడూ చెవుల్లో హోరు రాలేదా?"

జవాబు లేదు. కొంచెం గట్టిగా మళ్ళీ అడిగింది. ఆయన కుర్చీ కిర్రుమంది, అంతే. పెద్దాయన నొచ్చుకున్నాడు కాబోలు. తప్పుగా అనుకోవద్దని, తన బెంగంతా చెల్లెలి గురించేనని బతిమాలింది. ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది.

బల్బు వెలిగింది. మగ్గాలింకా అందుకోలేదు. మేస్త్రీ ఎప్పటిలాగే ఆమె మొహంలోకి చూశాడు, ఆ చూపులో కోపమేమీ లేదు.

"మీకు వినబడుతోందా?" అని అడగబోతే గొంతు పెగలక, పెదాలు కదిలాయే తప్ప చప్పుడన్నది బయటికి రాలేదు కానీ, మేస్త్రీ హాయిగా నవ్వి, "నిక్షేపంలా వినబడుతోంది తల్లీ" అన్నాడు.