రెండు టన్నుల చల్లదనం

"టన్నున్నర చాలు ప్రసాద్ గారూ. ఇంత చిన్న గదికి రెండు టన్నులంటే దండగ," అన్నాడు ఏసీ మెకానిక్ సలోమోను, టేపు చుట్టుకుంటూ.

"రెండు టన్నులే పెట్టు. పడమటి గోడ, పైన శ్లాబు. లోపల కూడా వేడి బాగా పుడుతుంది," అన్నాడు దుర్గాప్రసాద్.

గుమ్మంలో నిలబడ్డ లావణ్య సిగ్గుపడి, ఏడో నెల కడుపు మీదికి కొంగు లాక్కుంది. కడుపుతో ఉన్న మనిషికి ఒళ్ళంతా వేడేనని డాక్టరమ్మ చెప్పిన మాట ఈయన విననట్టే విని గుర్తు పెట్టుకున్నాడన్నమాట!

అడగందే అమ్మైనా పెట్టదంటారు. లావణ్య రెండేళ్లుగా అడుగుతూనే ఉంది. పోయిన ఎండాకాలం ఇదే గదిలో పెనం మీద పడ్డట్టు కాగిపోయి, ఆస్పత్రికి తీసుకెళ్లేలోపే కడుపు పోయింది. అప్పుడు కూడా, "నూజివీడులో ఎండ నీ ఒక్కదానికేనా?" అన్నాడు మహానుభావుడు. ఈసారి చల్లగా ఉండకపోతే బిడ్డకి ప్రమాదమని డాక్టరమ్మ గట్టిగానే చెప్పింది. అయినా ఉలుకూ పలుకూ లేదు. దానికి తోడు, కార్బైడ్ వేసి మాగబెట్టాడని అధికారులు పోయిన వారం ఆయన మామిడికాయలన్నీ గోతిలో పోయించారు. ఆనాటి నుంచీ పలకరిస్తే కరిచేలా ఉన్నాడు. అలాంటి మనిషి ఈ పొద్దున తనంతట తానే మెకానిక్‌ని వెంటబెట్టుకొచ్చాడు!

"ఇన్వర్టర్ ఏసీ అయితే బిల్లు తగ్గుద్దండీ. రాత్రిపూటేగా వేసుకునేది?"

"రాత్రీ పగలూ ఆగకూడదు. పద్దెనిమిదిలో పెడితే అక్కడే ఉండాలి."

"పద్దెనిమిదా! మేడమ్ గారు వణికిపోతారండీ. ఇరవై ఐదు చాలు."

"చెప్పింది చెయ్యవయ్యా. కిటికీ సందులు కూడా మూసెయ్. లోపలి గాలి మార్చడానికి పైన ఒక ఫ్యాను పెట్టు."

"పోనీ హాల్లో పెట్టించండి, అందరికీ పనికొస్తుంది," అంది లావణ్య మొహమాటంగా.

"పెంకుల కింద చల్లదనం నిలుస్తుందా? ఇంట్లో శ్లాబు గది ఇదొక్కటే. ఒకసారి పోయింది చాలు లావణ్యా, ఈసారి కూడా పోతే నేను తట్టుకోలేను."

లావణ్యకి కళ్ళనీళ్ళు తిరిగాయి. ఛీ, ఇన్నాళ్ళూ ఈయన్ని రాయి, రప్ప అని తిట్టుకుంది. లోపల ఇంత దిగులు పెట్టుకున్న మనిషిని ఎన్నెన్ని మాటలనుకుంది! గబగబా వంటింట్లోకి వెళ్ళి ఆయనకిష్టమని పెసరట్లు పోసి పెట్టింది. ఆయన తల ఎత్తకుండా తిని, ఫోను మాట్లాడుకుంటూ తోటకి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నానికి ఏసీ బిగించి, నడిపించి చూపించి వెళ్ళాడు సలోమోను. లావణ్య మంచం మీద ఉతికిన దుప్పటి పరిచి, నడుం వాల్చింది. చల్లగాలి పొట్టకి తగలగానే లోపల బిడ్డ కదిలింది.

"హాయిగా ఉందిరా కన్నా? మీ నాన్న పెట్టించాడు నీకోసం," అంది పొట్ట నిమురుకుంటూ.

బయట ట్రాలీ ఆటో ఆగింది. దుర్గాప్రసాద్ హమాలీలని వెంటబెట్టుకుని గది తలుపు బార్లా తెరిచాడు.

"ముందు ఆ మంచం వసారాలో వేసి, మాగబెట్టాల్సిన కాయల ట్రేలు లోపలికి దించండి!"