కయాక్‌లో లింబాద్రి

"ఫోన్ లోపల పెట్టండి. ఓపెనింగ్ కాకముందు ఇక్కడ వీడియోలు తీయకూడదని చెప్పానా, లేదా?"

మనోజ్ఞ గొంతు వినగానే సురేందర్ ఫోన్‌ను వీపు వెనక దాచుకున్నాడు. దోహాలోని ఆ గ్యాలరీలో ఏ వస్తువు ఎక్కడుండాలో చూసే ఉద్యోగం ఆమెది. బిర్కత్ అల్ అవామిర్ లేబర్ క్యాంపు నుంచి వచ్చి వాటిని మోసి, వేలాడదీసే పని అతనిది.

"ఒక్క కాల్ మేడం. మా లింబాద్రిని ఆళ్ల ఇంటోళ్లకు చూపియ్యాలె."

మనోజ్ఞ అతని చూపు వెంట చూసింది. మంచుదేశపు ఇన్యూట్లు సీలు తోలుతో కట్టుకునే సన్నటి పడవలు, కయాక్‌లు, హాలు పొడవునా తీగలకు వేలాడుతున్నాయి. ఒక్కోదానిలో ఒక్కో శిల్పం. చివరి కయాక్‌లో లింబాద్రి తెడ్డు పట్టుకుని కూర్చున్నాడు.

ఇన్యూట్లు కయాక్‌ను మనిషి ఒంటి కొలతకే కడతారు. ఒకరిది ఇంకొకరికి పట్టదు. ఆ పాత పడవలో నడుము ఇమిడే మనిషి కోసం శిల్పి క్యాంపంతా వెతికితే బక్కపలచని లింబాద్రి ఒక్కడే సరిపోయాడు. ఆ శిల్పి లింబాద్రి ఒంటికి అచ్చు తీసి, బొమ్మ పోసి, రంగులద్ది, అతని నీలం డ్యూటీ బట్టలే తొడిగింది. "ఇగ సచ్చినా నన్ను ఈ పడవలకెల్లి లేపరు" అని లింబాద్రి ఆ రోజు పగలబడి నవ్వాడు.

పోయిన వారం అతను నిద్రలోనే గుండె ఆగి పోయాడు. శవం మార్చురీలో ఉంది. కాగితాలు కదలడం లేదు.

"ఇంట్లోవాళ్ళకి ఇంకా చెప్పలేదా?" మనోజ్ఞ గొంతు తగ్గించింది.

"ఊళ్లె పెద్దమనుషులకు ఎరుకే. తల్లికి, పెండ్లానికి చెప్పలే. శవమున్న పెట్టె ఇల్లు చేరేదాక చెప్పరు మేడం, మా దిక్కు గంతే. ముందుగాల చెప్తే అది వచ్చేదాక దినాం సచ్చుడే. ఫోన్ పలిగిందని, సైటు మారిండని ఇన్నొద్దులు నెట్టుకొచ్చిన. ఇయ్యాల ఆగుతలేరు. ముసలమ్మ అన్నం ముడుతలేదట."

"మాట్లాడమంటే ఏం చేస్తారు? బొమ్మ మాట్లాడుతుందా?"

"మాట్లాడకున్నా సరే, మొఖం చూపిస్తే చాలన్నది ఆని పెండ్లాం మమత."

"తప్పండీ ఇది. నిజం తెలిసిన రోజున ఆ అమ్మాయి మీ మొహం కూడా చూడదు."

"ఎరుకే మేడం."

మనోజ్ఞ గుమ్మం బయటికి ఒకసారి తొంగి చూసింది. తర్వాత గోడ దగ్గరికి వెళ్ళి లైట్లు బాగా తగ్గించింది. బొమ్మ ముఖం మీద పలచటి వెలుతురు మాత్రం మిగిలింది. "కానివ్వండి" అని గుమ్మం దగ్గర కాపలాగా నిలబడింది.

తెర మీద మమత కనిపించింది. ఆమె భుజం వెనక నుంచి అత్త నర్సవ్వ తొంగి చూస్తోంది.

"చెల్లె, ఆడు మాట్లాడరాదు. డ్యూటీల ఉన్నడు. దూరంకెల్లి చూపిస్త" అంటూ సురేందర్ ఫోన్‌ను కయాక్ వైపు తిప్పాడు.

"అగో అత్తమ్మా, నీ కొడుకు!" అంది మమత వెంటనే.

"నా కొడుకేనా? పడవల కూసున్నడేంది? దుబాయ్‌ల సముద్రం మీద పనా?" నర్సవ్వకు గల్ఫ్ అంతా దుబాయే.

"కాదవ్వా. ఇదొక తమాషా. జనం చూడొస్తరు. బొమ్మ లెక్క కదలకుంట కూసోవాలె, గదే డ్యూటీ. కదిలిండంటే సూపర్‌వైజర్ ఇంటికి తోలేస్తడు."

"తోలితే తోలనీయ్. ఇంటికే గద!"

సురేందర్ ఫోన్‌ను రెండో చేతిలోకి మార్చుకున్నాడు.

"జర దగ్గరికి పో కొడుకా. మొఖం మంచిగ చూస్త."

అతను ఒక అడుగు వేశాడు. ఇంకొకటి వేస్తే చెంపల మీద కుంచె గీతలు బయటపడతాయి.

"వద్దన్నా, ఆడనే ఉండు" మమత అడ్డుపడింది. "ఆయన డ్యూటీ ఖరాబైతది."

దేవుడే ఆమె చేత ఆ మాట అనిపించాడనుకున్నాడు సురేందర్.

"అయితే ఒక్కపారి చెయ్యి ఊపుమను" ముసలమ్మ వదల్లేదు. మసక కనబడుతోందని కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడవసాగింది.

అయిపోయింది. సురేందర్ బొటనవేలు కాల్ కట్ చేసే గుర్తు మీదికి పోయింది.

"ఊపిండు గదనే అత్తమ్మా! నువ్వు అద్దాలు తుడుసుకుంటుంటివి. చూసినవా అన్నా?"

"ఆఁ... చూసిన చెల్లె. ఊపిండు."

మొగుణ్ణి చూడాలన్న ఆరాటంలో ఆ పిల్లకు బొమ్మ చెయ్యి కదిలినట్టే కనిపించింది కాబోలు. నిజం తెలిసిననాడు ఏమైపోతుంది?

"ఏమయ్యో!" మమత గొంతు పెంచింది. "మేమీడ ఫోన్ కోసం కండ్లు కాయలు గాసేటట్టు చూస్తుంటే, నువ్వాడ షికారు పడవలెక్కుతున్నవా? బోరు మోటరు కాలింది. నేనే బాగు చేపిచ్చిన. ఈడి రంది పెట్టుకోకు. అవ్వను నేను చూసుకుంట."

"ఎట్ల తిడుతున్నదో చూడు కొడుకా నీ పెండ్లాం!" నర్సవ్వ బోసినోటితో నవ్వింది. "పానం జాగ్రత్త బిడ్డా. ఇగ నేను తింట."

"నువ్వు పోయి పెట్టుకో అత్తమ్మా. నేనొస్త."

ముసలమ్మ తెర మీంచి తప్పుకుంది. వంటింట్లో గిన్నెలు చప్పుడయ్యాయి. గుమ్మం దగ్గర మనోజ్ఞ అటు తిరిగి కళ్ళు తుడుచుకుంది. సురేందర్ ఊపిరి వదిలాడు. ఇవాళ్టికి గట్టెక్కాడు. రేపు మళ్ళీ ఏం చూపించాలో తెలియదు.

"ఉంట చెల్లె. ఆని సెలవు కాయిదాలు కాంగనే పంపిస్తరు."

మమత స్పీకర్ ఆపేసింది. వంటింటి వైపు ఒకసారి చూసి, ఫోన్‌ను పెదవులకు ఆనించుకుంది.

"పెట్టె ఎన్నడొస్తదన్నా?"