దొరగారి తువ్వాలు

కొత్తిమీర కట్ట పెట్టింది పెట్టినట్టే ఉంది.

"ఇవాళా ముట్టలేదు అత్తయ్యా," అంది కోడలు.

అత్తయ్య ఇస్త్రీ ఆపి లాండ్రీ వెనక గదిలోకి పరుగెత్తింది.

గూటిలో దొరగారు గోడవైపు తిరిగి కూర్చున్నారు. బూడిదరంగు కుందేలు. వయసు నాలుగేళ్లు. జంట కుందేలు పోయి పన్నెండు రోజులు.

సిరంజితో పట్టిన జావ తప్ప కడుపులోకి ఏమీ పోవడం లేదు.

"జబ్బేం లేదు. బెంగ," అంది ఆస్పత్రిలో పశువుల డాక్టరమ్మ. "సిరంజితో ఎన్నాళ్లు బతుకుతుంది? జత కుదర్చండి. త్వరగా."

అత్తయ్య మూతి ముడిచింది. "నేను పదేళ్లుగా ఒంటరిగా లేనూ? నాకెవరు కుదిర్చారు?"

"మీరు తిండి మానేయలేదుగా," అంది కోడలు.

"నీ నోటికి ఇస్త్రీ పెట్టాలే అమ్మాయ్."

డాక్టరమ్మ దగ్గర ఎవరో వదిలేసిన కుందేళ్లు మూడున్నాయి. దొరగారిని వాటి మధ్య దించారు.

తెల్లది ముద్దుగా గెంతుతూ వచ్చింది. దొరగారు వీపు చూపించారు.

నల్లది మీదికి ఎక్కబోయింది. దొరగారు కాలు నేలకేసి కొట్టారు.

మూడోది గోధుమరంగుది. ఒక చెవి సగం చిరిగి ఉంది. అది దగ్గరికే రాలేదు. జానెడు దూరంలో పడుకుని కళ్లు మూసుకుంది.

దొరగారు దానివైపు తిరిగారు.

"ఇదే," అంది అత్తయ్య.

"చెవి చిరిగింది కదా?"

"చిరిగినవి మనకు కొత్తా?"

దాంతో దాని పేరు చిరుగు అయింది.

డాక్టరమ్మ షరతులు చెప్పింది. వారం రోజులు వేరు వేరు గదులు. గూటిలో పరిచిన తువ్వాళ్లు రోజూ మార్చాలి. దీని తువ్వాలు దానికి, దాని తువ్వాలు దీనికి. ఒకదాని వాసన ఇంకోదానికి అలవాటు కావాలి. ఎనిమిదో రోజు రెండూ ఎరగని చోట కలపాలి.

"రక్తం వచ్చేలా కరుచుకుంటే మాత్రం చిరుగును తెచ్చేయండి. అంత దూరం వెళ్లాక ఇక కలవవు."

తువ్వాళ్ల పని అత్తయ్య ఎవరికీ ఇవ్వలేదు. "నువ్వు కౌంటరు చూసుకో," అంది.

కోడలు కౌంటరు చూసుకుంది. వచ్చిన ప్రతి బట్టకూ నంబరు చీటీ గుచ్చింది. ఇంట్లోవాళ్ల బట్టలకు చీటీ ఉండదు.

ఆమె బట్టలకు ఉంది. నూట పద్నాలుగు. ఆ ఇంట అడుగుపెట్టి మూడు నెలలే.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం షట్టరు దించారు. ఇస్త్రీ బల్ల మీద దుప్పటి ఇంకా గోరువెచ్చగా ఉంది. ఆ చోటు రెండు కుందేళ్లకూ తెలియదు.

చెరో వైపు నుంచి దించారు.

మూడు క్షణాలు.

ఆపైన గాల్లో బొచ్చు!

చిరుగు ఎవరివో పెళ్లిబట్టలున్న బుట్టలోకి దూకింది. వెనకే దొరగారు. కోడలు ఖాళీ బుట్ట తీసి దొరగారి మీద బోర్లించింది.

అత్తయ్య చిరుగు ఒళ్లంతా తడిమింది.

"రక్తం లేదు."

"వారం రోజుల వాసన ఏమైనట్టు?" అంటూ కోడలు గూటిలోని తువ్వాలు తీసింది. నాలుగు మడతల గీత కత్తిలా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంది.

సబ్బు.

"అత్తయ్యా, మార్చే ముందు వీటిని ఏం చేశారు?"

"ఏం చేస్తాను? ఉతికాను. మాసిన గుడ్డ ఒకరిది తీసి ఇంకొకరికి ఎలా ఇస్తాం?"

"రోజూనా?"

"రోజూనే. చిరుగుకిచ్చే తువ్వాలుకు కాస్త గంజి కూడా పెట్టాను."

కోడలు నవ్వలేక, ఏడవలేక బల్లకు ఆనుకుంది.

"మీ అబ్బాయి చొక్కాకు చీటీ ఎందుకు గుచ్చరు?"

"వాడి చొక్కా నాకు తెలీదా? కళ్లు మూసుకుని వాసన చూసి చెప్తాను."

"ఉతకకముందేగా?"

అత్తయ్య వంగింది. బుట్ట కింద దొరగారిని చూసింది.

"నా చేతులారా చంపుకునేదాన్ని," అంది మెల్లగా.

తన చీటీ సంగతి కోడలు ఎత్తలేదు. డాక్టరమ్మకు ఫోన్ చేసింది.

"ఇంకో వారం. ఇదే ఆఖరు. ఆ పెద్దావిడను నీళ్ల దగ్గరికి పోనివ్వకండి."

ఆ వారం అత్తయ్య పడ్డ బాధ ఇంతా అంతా కాదు. మూడో రోజు తువ్వాలు పట్టుకుని కుళాయి దాకా వెళ్లింది. వెనక కోడలు దగ్గింది. తిరిగి వచ్చేసింది.

దొరగారు మొదట ఆ తువ్వాలును పళ్లతో లాగి అవతల పారేశారు. నాలుగో రోజు దాని పక్కన కూర్చున్నారు. ఆరో రోజు దాని మీదే నిద్రపోయారు.

తిండి మాత్రం ముట్టలేదు. సిరంజి పట్టేటప్పుడు అత్తయ్య వేళ్లకు వెన్నెముక తగులుతోంది.

మళ్లీ ఎనిమిదో రోజు. మళ్లీ ఇస్త్రీ బల్ల.

అత్తయ్య కళ్లు గట్టిగా మూసుకుంది. "ఏమైందో చెప్పవే."

"ఏమీ కాలేదు."

"ఇప్పుడు?"

"చిరుగు తల వంచింది."

"దొరగారో?"

కోడలు ఆమె మోచేయి తట్టింది. అత్తయ్య కళ్లు తెరిచింది.

దొరగారు ఆ చిరిగిన చెవిని నాకుతున్నారు. అంచు నుంచి అంచు దాకా, శ్రద్ధగా, కుట్టు వేస్తున్నట్టు.

కోడలు కొత్తిమీర కట్ట ముందుకు జరిపింది.

కరకరమని చప్పుడు. ఒక కాడకు రెండు మూతులు.

అత్తయ్య చేతికందిన తువ్వాలుతో కళ్లు తుడుచుకుంది. అది ఉతకనిదే.

మర్నాడు కోడలు తన బట్టల దొంతర తీసుకుంది. చీటీ పీకేద్దామని కాలరు తిప్పింది. అంచులు చూసింది. మడతలన్నీ విప్పింది.

ఎక్కడా లేదు.

బయట కౌంటరు దగ్గర అత్తయ్య ఎవరినో కసురుతోంది.

"చీటీ వద్దంటే ఎలాగమ్మా? మీవేవో నాకెలా తెలుస్తుంది? మీరేమన్నా మా ఇంటి మనిషా?"