నల్లదానికి తోడు

పొద్దున వేసిన క్యాప్సికం ముక్క గూట్లో అలాగే ఉంది. అంచులు ముడుచుకుపోయాయి.

నల్లది మూలకు ఒదిగి పడుకుంది.

మామూలుగా అయితే కూరల కవరు గలగలలాడితే చాలు, ఆ గినీ పిగ్ కీచుకీచుమని ఇల్లు పీకి పందిరేసేది. వీధంతా క్రాపుల తాత అని పిలిచే సెలూన్ పెద్దాయనకు కాళ్ళూ చేతులూ ఆడలేదు.

దాని జతది, మచ్చది, మొన్న ఆదివారం పోయింది. రెండింటినీ ముచ్చటపడి తెచ్చింది ఆయన ఇల్లాలు. ఆవిడ పోయి చాలాకాలమైంది. గూడు కడగడం, గడ్డి తేవడం, గోళ్ళు తియ్యడం అన్నీ ఆయన నెత్తినే పడ్డాయి.

"జబ్బేం లేదండీ. ఇవి ఒంటరిగా ఉండలేవు. తోడు తెచ్చుకోండి, లేకపోతే తిండి మానేసి ఇదీ పోతుంది," అంది పశువుల డాక్టరమ్మ.

తోడు తేవడం ఎంత పని? కానీ అక్కకు మాటిచ్చాడే.

అక్క పొరుగూళ్ళో ఒక్కతే ఉంటుంది. తమ్ముడి కోసం ఒక గదికి రంగులు వేయించింది. జంతువుల బొచ్చు తగిలితే ఆవిడకు ఆయాసం.

"ఈ రెండూ ఉన్నన్నాళ్ళే అక్కా. తర్వాత నీ దగ్గరికే వచ్చేస్తాను," అన్నాడు అప్పట్లో.

"అంటే వాటి చావు కోసం నేను కాచుక్కూచోవాలిట్రా?" అని నవ్వింది. నవ్విందే గాని, గది మాత్రం రోజూ ఊడుస్తోంది.

ఆ రోజు సెలూన్‌లో ఒకాయనకు ఒక చెంప మీది జుట్టు పైకీ, రెండోది కిందికీ తీశాడు. "ధ్యాస ఎక్కడుంది పెద్దాయనా?" అని అడిగాడా మనిషి.

సాయంత్రం పెంపుడు జంతువుల షాపుకు వెళ్ళాడు.

"మా దాని ఈడుది ఉందా అమ్మా?"

"ముసలిదా?" గింజలు తూస్తున్న షాపావిడ తలెత్తింది. "ముసలివి ఎవరు కొంటారండీ? అన్నీ పిల్లలే. మీది ఆడదేగా? ఆడదాన్నే తీసుకోండి, లేకపోతే సంసారం పెరుగుతుంది."

"ఎన్నాళ్ళు బతుకుతుంది?"

"బాగా చూసుకుంటే ఆరేడేళ్ళు."

"బాగా చూసుకోకపోతే?"

అడిగాక నాలిక్కరుచుకున్నాడు. ఆవిడ అదోలా చూసింది.

"అది కాదమ్మా. మా ముసల్ది పోయాక ఈ పిల్లది ఒంటరిదవుతుంది కదా?"

"ఇంకోటి తీసుకెళ్ళండి."

"ఆ తర్వాత?"

"ఇంకోటి."

వ్యాపారం చేస్తోందో, ఉన్న మాటే చెబుతోందో ఆయనకు అంతుపట్టలేదు. ఎవరో ఒకరు ఒంటరిగా మిగలకుండా ఈ ముడి విడిపోయే దారే లేదా?

బయటికి వచ్చేశాడు. వీధి మలుపు దాకా వెళ్ళి, తిట్టుకుంటూ వెనక్కి తిరిగాడు. ఎవర్ని తిట్టుకుంటున్నాడో ఆయనకే తెలీదు.

ఇంటికొచ్చి, షాపావిడ చెప్పినట్టే, రెండూ అలవాటు పడేదాకా గూడు మధ్యలో తీగల జాలీ అడ్డం పెట్టాడు. గోధుమరంగు పిల్లదాన్ని అవతలి వైపు వదిలాడు. వచ్చీ రాగానే అది కీచుమంది.

నల్లది చెవులు కదిపింది.

ఫోను మోగింది. అక్క.

"ఎలా ఉందిరా అది?"

"ఉందక్కా."

"ఇక ఒక్కటేగా మిగిలింది. నీ మంచానికి కొత్త పరుపు చెప్పానురా."

అబద్ధం నోటిదాకా వచ్చింది. దాన్ని మింగేశాడు.

"రెండక్కా," అన్నాడు.

తను చేసింది మంచో చెడో తేల్చుకోలేక, ఆవిడ ఏదైనా అనేలోపే వేరే మాట ఎత్తాడు.

"భోంచేశావా అక్కా?"

"ఒక్కదానికి ఏం వండుకుంటాంలేరా."

"మరి పొద్దున?"

"ఆకలెయ్యలేదు."

జాలీ పక్కకు చేరి, నల్లది గడ్డిపోచ నములుతోంది.