ఎర్ర కవరు, నీలం కవరు

“అది కెమెరానా, పౌడర్ డబ్బానా?” అన్నాడు భర్త.

“నీదేమన్నా తక్కువా? మూతికి సొరకాయ తగిలించినట్టు ఆ లెన్సేంటి?” అంది చిట్టి.

పెళ్ళయి కొత్త వాసన ఇంకా పోలేదు కాబట్టి ఆ ఇంట్లో పోట్లాట కూడా ముద్దుగానే ఉండేది. స్నేహితుడి కొట్టు నుంచి రెండు కొత్తరకం మిర్రర్‌లెస్ కెమెరాలు తెచ్చుకున్నారు. ఒకటి ఉంచుకుని, రెండోది రేపు పొద్దున్నే తిరిగిచ్చెయ్యాలి. చిట్టి మనసుపడింది చిన్నదాని మీద. ఆపగానే దాని లెన్సు తాబేలు తలలా లోపలికి ముడుచుకుంటుంది. చేతిసంచిలో ఇట్టే ఇమిడిపోతుంది. అతను మనసుపడింది పెద్దదాని మీద. దాని లెన్సును చేత్తో తిప్పుతుంటే ఎక్కడో ఉన్నది ఎదురుగా వచ్చి నిలబడుతుంది.

ఎంతకీ తెగకపోయేసరికి తీర్పు అత్తగారికి అప్పగించారు. కిటికీ తెర, కుట్టుమిషను, మెట్ల మీద పడుకున్న పిల్లి. అవే వస్తువుల్ని, అదే చోట నిలబడి, రెండు కెమెరాలతోనూ తీశారు. ప్రింట్లు వేయించి చిట్టివి నీలం కవరులోనూ, అతనివి ఎర్ర కవరులోనూ పెట్టి, కుట్టుమిషను మీద ఉంచారు. ఏది ఎవరిదో అత్తగారికి చెప్పలేదు. ఆవిడ ఏ రంగు అంటే ఆ కెమెరా ఇంట్లో ఉంటుంది. ఓడినవాళ్ళు మళ్ళీ ఆ ఊసెత్తకూడదు.

“ఇన్నేళ్ళూ బట్టలు కుట్టిన మనిషి. అమ్మ కన్ను అంచుల మీదే ఉంటుంది. నా ఫొటోల్లో అంచులు చూడు, కత్తిరించి పెట్టినట్టు లేవూ?”

“అత్తయ్య రంగులు చూస్తారు. నా ఫొటోలో తెర పసుపు చూశావా? చేత్తో తాకితే అంటుకునేట్టుంది.”

“కలలు కను,” అంటూ అతను తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి వెళ్ళాడు.

హాల్లో సోఫా మీద అత్తగారు మొహాన పల్చటి చెంగు కప్పుకుని కునుకు తీస్తున్నారు. బల్ల మీద అతని కెమెరా ఉంది. నిన్నటి నుంచీ అతను దాన్ని వదిలింది లేదు. అన్నం తింటూ కూడా ఎడంచేత్తో ఆ లెన్సు తిప్పుతూనే ఉన్నాడు. రేపు దాన్ని తిరిగిచ్చేటప్పుడు అతని మొహం ఎలా ఉంటుందో తలుచుకోగానే చిట్టికి మనసు చివుక్కుమంది. తన ఫొటోలే గెలుస్తాయి, అందులో ఆమెకు అనుమానమే లేదు.

పిల్లిలా అడుగులేస్తూ కుట్టుమిషను దగ్గరికి వెళ్ళింది. నీలం కవరులోవి ఎర్ర కవరులోకి, ఎర్ర కవరులోవి నీలం కవరులోకి మార్చేసి, మూతలు లోపలికి మడిచింది. ఇప్పుడు తన ఫొటోలు గెలిస్తే ఇంట్లో ఉండేది అతని కెమెరా!

వంటింట్లోకి వెళ్ళి టీ పెట్టింది. కప్పులతో తిరిగొచ్చేసరికి అతను తడి జుట్టుతో కుట్టుమిషను పక్కన నిలబడి పైకి చూస్తూ ఈల వేస్తున్నాడు.

“ఏంటి, పైన ఏం కనిపిస్తోంది?”

“ఫ్యాను.”

“అది రోజూ ఉండేదేగా!”

“ఇవాళ బాగా తిరుగుతోంది.”

అత్తగారు లేచి, టీ తాగి, కళ్ళజోడు పెట్టుకుని కవర్లు అందుకున్నారు. మూతలు బయటికి ఉన్నాయి. లోపలికి మడిచినట్టు గుర్తే, అనుకుంది చిట్టి. కంగారులో మరిచిపోయి ఉంటానులే, అని సర్దుకుంది. ఆవిడ ఫొటోల్ని పేకముక్కల్లా గుండెలకు దగ్గరగా పట్టుకుని ఒక్కొక్కటే చూశారు. ఎవరికీ కనపడనివ్వలేదు.

“త్వరగా చెప్పమ్మా, పరీక్ష ఫలితాల్లా ఇదేంటి?”

“నువ్వు పరీక్షలప్పుడు ఇంత కంగారు పడుంటే బాగుపడేవాడివిరా.” ఫొటోలు ఎక్కడివక్కడ పెట్టి, ఒక కవరు పైకెత్తారు. “నాకు నీలం నచ్చింది.”

“చిట్టిదే గెలిచింది!” అంటూ అతను గంతేసినంత పనిచేశాడు. “నీ పౌడర్ డబ్బా ఇక మనింట్లోనే! నాది రేపే ఇచ్చేస్తా.”

చిట్టి గబుక్కున కవరు వైపు చూసింది. నీలం కవరులో ఉన్నవి అతని ఫొటోలు. నిజంగా గెలిచింది అతనే. అయినా ఓడిపోయాననుకుని, తన కోసం ఎంత సంబరపడుతున్నాడో! ఇక ఉండబట్టలేకపోయింది.

“ఆగు! అందులో ఉన్నవి నీ ఫొటోలే. నీ కెమెరా మనింట్లో ఉండాలని, నేనే మార్చేశాను.”

అతని మొహంలో నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. “నువ్వా? ఎప్పుడు?”

“నువ్వు స్నానానికి వెళ్ళినప్పుడు. అత్తయ్య పడుకుని ఉంటే.”

అతను నెమ్మదిగా కుర్చీలో కూలబడి రెండు చేతులతో తల పట్టుకున్నాడు. “ముందే ఒక్క మాట చెప్పొచ్చుగా, చిట్టీ!”

“కోపమొచ్చిందా?”

అత్తగారు సూదిలో దారం ఎక్కిస్తూ, తలెత్తకుండానే అన్నారు:

“ఇద్దరూ మార్చారుగా, ఎక్కడివి అక్కడే ఉన్నాయి.”