చిన్న నత్తగుల్ల

ఇప్పపూలు కలలా రాలే ఒక అడవిలో ఉడుతలన్నీ కలిసి ఆపద తొర్ర ఒకటి పెట్టుకున్నాయి. ఎండాకాలంలో గూటికో పెద్ద నత్తగుల్లెడు గింజలు అందులో పోస్తే, వానల్లో గూడు పడినవాళ్ళకి అందులోంచి ఇచ్చేవాళ్ళు. కొమ్మకొమ్మకీ తిరిగి ఆ గింజలు పోగుచేసేది చారమ్మ, తోకన్న, ఇంకొందరు. సాయంత్రం పెద్ద ఉడుత బొర్రయ్య కూలి కొలిచేవాడు. తోకన్నలాంటి మగవాళ్ళకి పెద్ద గుల్లతో, చారమ్మలాంటి ఆడవాళ్ళకి చిన్న గుల్లతో.

"వాడు సంసారం ఈదేవాడు. నీకెందుకే అన్ని గింజలు?" అనేవాడు.

చారమ్మ చిన్న గుల్లెడు గింజలతో ఇంటికి పోయేది. గూట్లో ముగ్గురు పిల్లలు చిన్న గుల్ల అడుగు తడుముకుంటూ నిద్రపోయేవారు.

మబ్బు పట్టిన రోజున చారమ్మ తన గూటి వంతు తెచ్చింది, చిన్న గుల్లతో.

"ఇదేంటే, గుల్ల నిండాలిగా?" అన్నాడు బొర్రయ్య.

"నిండింది మామా," అంది తల వంచుకుని. "నాకు మీరు నిండుగా కొలిచేది దీంతోనేగా."

తోకన్న నవ్వబోయి, వెనక్కి చూసి ఆగిపోయాడు. తొర్ర పనికొచ్చే ఆడ ఉడుతలన్నీ చిన్న గుల్లలు పట్టుకుని వరసలో నిలబడి ఉన్నాయి.

బొర్రయ్య తొర్రలోకి తొంగి చూశాడు. అడుగు కనబడింది. పైన ఉరిమింది. మీసం దువ్వుకుని, పెద్ద గుల్ల తెచ్చి చారమ్మ ముందు పెట్టాడు.

"వంతుకైనా, కూలికైనా ఇక ఇదే," అన్నాడు.

తొలివాన నీటిలో చిన్న గుల్ల తేలుతూ పోయింది. అందులో ఒక ఆరుద్ర పురుగు ముడుచుకుని నిద్రపోతోంది.