ఆకర్షణ: ఇరవైకి మూడు

“అన్నయ్యా, వంతెన పలకలు కుళ్లిపోయాయని నా వీరుడు చెప్తున్నాడు,” అన్నాడు చిన్నోడు, మూడోసారి.

తలో పాత్రా వేస్తూ ఆడే కథల ఆట అది; దాన్ని నడిపే అన్నయ్య పాచిక దొర్లించాడు. “వంతెన కూలింది. మీ వీరులిద్దరూ ఏట్లో కొట్టుకుపోయారు.”

“అయ్యో, నా మంత్రగత్తె!” అంటూ అక్క తన పాత్ర వివరాలు రాసుకున్న కాగితం బల్లమీదకి విసిరింది.

అన్నయ్య చిన్నోడి వైపు తిరిగాడు. “నీ వీరుడికి ఆకర్షణలో వచ్చిన మార్కులు ఇరవైకి మూడే. కాస్త మోటుగా, నవ్వొచ్చేలా నటించమంటే బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నావేంట్రా?”

“నటిస్తూనే ఉన్నా. వంతెన కుళ్లిందని మూడుసార్లు చెప్పాను.”

“ఎప్పుడు?”

“ఇందాకే. ఆకర్షణ లేకపోవడమంటే అదే అన్నయ్యా. చెప్తూనే ఉంటాం, ఎవరికీ వినపడదు.”

అక్క నవ్వింది. “నువ్వు నోట్లో నోట్లో గొణిగితే ఎవరికి వినపడుతుందిరా?”

“అమ్మ పోయిన రోజు పొద్దున గట్టిగానే చెప్పానక్కా.”

అక్క నవ్వు ఆగిపోయింది. అన్నయ్య పాచికని పిడికిట్లో దాచేశాడు.

“సరే, వంతెన ఇంకా కూలలేదు,” అన్నాడు. “మళ్లీ చెప్పు. ఈసారి వింటాం.”

ఇద్దరూ తన వైపే చూస్తుంటే చిన్నోడు నోరు విప్పాడు.

“అన్నయ్యా, అమ్మకి గుండెల్లో నొప్పిగా ఉందంట.”